మాయాబజార్ ఏ ప్రింటు చూడాలి: నలుపు తెలుపా, రంగులా?

పిల్లలకు మాయాబజార్ చూపించాలనుకునే ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తుంది. జవాబు ముందే చెప్పేస్తున్నాను: మొదటిసారి చూసేవాళ్లకు నలుపు తెలుపే చూపించండి. రంగుల ప్రింటు రెండోసారికి, సరదాకి. పాతదంటే ఉన్న మమకారంతో అంటున్న మాట కాదిది. రంగులద్దినప్పుడు బొమ్మలో ఏం పోయిందో దగ్గరగా చూస్తే మీకే తెలుస్తుంది.

విజయా వారి ఈ సినిమా 1957 మార్చి 27న విడుదలైంది. దర్శకుడు కె.వి.రెడ్డి, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్‌లీ, కళ గోఖలే, కళాధర్. రంగుల ప్రింటు 2010 జనవరి 30న థియేటర్లకొచ్చింది. హైదరాబాద్ సంస్థ ఒకటి దాన్ని తయారుచేసింది. రంగులతో పాటు మరో రెండు మార్పులూ జరిగాయి. బొమ్మను వెడల్పాటి సినిమాస్కోపు తెరకు సరిపెట్టారు, ఒకే దిక్కు నుంచి వినిపించే మోనో శబ్దాన్ని చుట్టూ వినిపించే డీటీఎస్‌కు మార్చారు. అందరూ రంగుల గురించే మాట్లాడుకుంటారు గానీ అసలు నష్టం చేసింది స్కోపు.

లెక్క వేసి చూడండి. పాత స్టూడియో సినిమాల ఫ్రేము ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. స్కోపులో వెడల్పు 2.35. పక్కల ఏమీ పోకుండా, మనుషులు పొట్టిగా లావుగా కనపడకుండా పాత బొమ్మతో స్కోపు తెర నింపాలంటే పైనా కిందా కలిపి నూటికి నలభై వంతులు కోసెయ్యాలి. ఇంకో దారి లేదు. మామూలు కుటుంబ కథకు ఆ కోత పెద్దగా తెలియకపోవచ్చు. కానీ ఈ సినిమాలో ప్రాణమంతా నిలువులోనే ఉంది. 'వివాహ భోజనంబు' పాటలో ఘటోత్కచుడైన ఎస్వీ రంగారావు గద పక్కన పెట్టుకుని, వరుసగా పేర్చిన గారెలు, బూరెలు, అరిసెల ముందు కూర్చుంటాడు. చూస్తుండగానే పెరిగిపోతాడు. ఆ పెరగడం తెలియాలంటే ముందు ఆయన నెత్తిమీద ఖాళీ కనపడాలి, తర్వాత ఆ ఖాళీ నిండాలి. పైన కోసేస్తే మొదటి క్షణం నుంచే ఫ్రేము నిండా మనిషే ఉంటాడు, ఇక పెరగడానికి చోటేదీ? 'అహ నా పెళ్ళియంట'లో అదే ఇబ్బంది కింది వైపు. సావిత్రి అడుగులే ఆ పాటకు సగం అభినయం. పాదాలు తెగిపోతే మిగిలేది చేతులూ ముఖమూ మాత్రమే.

ఇక రంగు. మూడు గంటల సినిమా అంటే సెకనుకు 24 చొప్పున 2,59,200 ఫ్రేములు. ఒక్కో షాటులో ముఖం, జుట్టు, చీర, నగ, గోడ అన్నీ విడివిడిగా గీతగీసి విడదీయాలి. ఒక ఫ్రేములో రంగులేసి, కదలిక వెంబడే మిగతా ఫ్రేములకు పాకించాలి. ఎంత ఓపిక కావాలో ఊహించుకోవచ్చు. ఆ శ్రమకు దణ్ణం పెట్టాల్సిందే. పెళ్లి విడిది, కౌరవుల పట్టుబట్టలు, బలరాముడి భార్య రేవతి నగలు, మాయా నగరం అలంకారాలు రంగుల్లో నిజంగానే పండగలా ఉంటాయి. నలుపు తెలుపు అనగానే లేచిపోయే పిల్లల్ని కూర్చోబెట్టడానికి ఆ విడిది ఘట్టం ఒక్కటి చాలు.

అయితే బూడిద రంగులో ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా పడొచ్చు. అసలు చీర ఏ రంగో నెగెటివ్ చెప్పదు, ఊహించి వెయ్యాల్సిందే. ఊహ తప్పినా ఫర్వాలేదు, చీర చీరే. ఇబ్బందంతా అంచుల్లో ఉంది. ముంగురులు, పల్చటి మేలిముసుగు, పొగ, ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మలోకి వెళ్లే చోట్లు, ఇవన్నీ గీత గీసి విడదీయడానికి లొంగవు. ట్రిక్ షాట్లయితే మరీనూ. కంప్యూటర్ లేని రోజుల్లో కెమెరాను కదలకుండా బిగించి, ఆపి, వస్తువు మార్చి, మళ్లీ తిప్పడం, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీయడం లాంటి పద్ధతులతోనే మాయ చేసేవారు. రెండు బొమ్మల మధ్య అతుకును ఆ బూడిద రంగే దాచిపెడుతుంది. దాని చుట్టూ గీత గీసి రంగు వేస్తే, దాచిన అతుకును మనమే వేలు పెట్టి చూపించినట్టవుతుంది.

పడవ మీద సాగే 'లాహిరి లాహిరి' పాట సంగతి వేరే చెప్పాలి. తెలుగు తెర మీద వెన్నెల అంటే మార్కస్ బార్ట్‌లీ వెన్నెలే. ఆ పాట పెట్టుకుని కాసేపు ముఖాలు చూడకండి, నీళ్లు చూడండి. అలల మీద తెల్లటి మెరుపు విరుగుతూ, అతుక్కుంటూ పడవ వెంటే వస్తుంటుంది. దాని చుట్టూ చిక్కటి నలుపు. అభిమన్యుడూ శశిరేఖా, కృష్ణుడూ రుక్మిణీ, బలరాముడూ రేవతీ, మూడు జంటలూ ఆ ఒక్క వెలుగులోనే విహరిస్తారు. వెన్నెలకు మన కంటికి రంగు ఆనదు, వెలుగూ నీడా మాత్రమే తెలుస్తాయి. అందుకే నలుపు తెలుపులో అది వెన్నెల. రంగుల్లో వెన్నెల కావాలంటే బొమ్మంతటికీ నీలం పులమాలి, అప్పుడు ముఖాలు పాలిపోతాయి. ముఖాలకు ఒంటి రంగు వేస్తే అది లైట్ల వెలుతురైపోతుంది. రెండిట్లో ఏది చేసినా ఓటమే. ఇది పనివాళ్ల తప్పు కాదు, ఆ పాటను పుట్టించిందే నలుపూ తెలుపూ కాబట్టి.

నిడివి కూడా చూసుకోండి. పూర్తి సినిమా 184 నిమిషాలు. రంగుల ప్రింటులో కొన్ని పాటలు, చాలా పద్యాలు లేవు, నెగెటివ్ పాడైపోవడమే కారణం. ఆన్‌లైన్‌లో దొరికే కాపీ రెండున్నర గంటలకు అటూ ఇటూగా ఉంటే అది కత్తిరించిందని అర్థం. ఒకవేళ 176 నిమిషాలుంటే కంగారు పడకండి. పాత పాల్ టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేముల చొప్పున ఎక్కించి ఉండొచ్చు. సీన్లేమీ పోవు, కానీ శ్రుతి కాస్త పైకి జరుగుతుంది. ఘంటసాల గొంతు పల్చగా వినిపించిందంటే ముందు దీన్నే అనుమానించండి.

పద్యాలు పోతే ఏమైందిలే అనుకోవద్దు. ఈ కథ వ్యాసుడి భారతంలో లేదు, మన జనం అల్లుకున్నది. పాండవులు ఒక్కసారి కూడా తెర మీదకు రారు, అయినా వాళ్లు లేని లోటు తెలియదు. వాళ్ల తరఫున మాట్లాడే బరువంతా మాటలూ పద్యాలే మోస్తాయి. పింగళి వారి భాషే ఒక పాత్ర. అస్మదీయులకు ఎదురుగా 'తసమదీయులు', కంబళికి తోడు 'గింబళి', తల్పానికి తోడు 'గిల్పం'. శర్మ, శాస్త్రులుగా అల్లు రామలింగయ్య, వంగర ఆ గిల్పం మీద కూర్చుని పడే పాట్లు పిల్లలకు సబ్‌టైటిల్స్ లేకుండానే అర్థమవుతాయి. మాటల్లోని చమత్కారం మాత్రం పక్కన పెద్దవాళ్లు ఒకరు విప్పి చెప్పాలి.

సావిత్రి గురించి ఒక్క మాటతో సరిపెట్టడం కుదరదు. ఆవిడ చేసింది శశిరేఖ పాత్ర ఒక్కటే కాదు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుణ్ని కూడా. అంటే రంగారావు నడకనూ ఠీవినీ ఆడపిల్ల ఒంట్లోకి తెచ్చుకోవాలి, అదే సమయంలో లోపల ఉన్నది ఘటోత్కచుడని మనం మరిచిపోకూడదు. 'అహ నా పెళ్ళియంట'లో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరే చోట ఆపి, వెనక్కి తిప్పి చూడండి. గొంతు మారకముందే భుజాలు మారతాయి. సిగ్గుతో ముడుచుకున్న ఒళ్లు విచ్చుకుని, గడ్డం పైకి లేచి, ఎవరైనా చూశారేమోనని మళ్లీ సర్దుకుంటుంది. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడైన రేలంగిని బెదరగొట్టే ఘట్టంలో అదే పనిని కళ్లతో చేస్తుంది. తెలుగు తెర మీద ఇంతకన్నా కష్టమైన హాస్యనటన నాకు గుర్తు లేదు.

లోటేమీ లేదా అంటే, ఉంది. శశిరేఖ బాల్యం, నిశ్చితార్థం మాట, రేవతి మనసు మారడం ఈ కాలపు కంటికి నెమ్మదిగా సాగుతాయి. ఘటోత్కచుడు రావడానికి చాలాసేపు పడుతుంది. అక్కడిదాకా పిల్లల్ని నిలబెట్టేది ప్రియదర్శిని. తెరిచినవాళ్లకు ఇష్టమైనదేదో చూపించే ఆ పెట్టెలో రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని కనిపిస్తారు. ఎవరికి ఏం కనిపిస్తుందో ముందే ఊహించమని పిల్లలతో పందెం కట్టండి. కృష్ణుడి దగ్గర అందరూ ఓడిపోతారు.

ఇంట్లో టీవీలో చూసేటప్పుడు ఐదు పనులు చేయండి. పిక్చర్ సైజును 4:3లో పెట్టండి, పక్కల నల్లపట్టీలు ఉండనివ్వండి. జూమ్, స్ట్రెచ్ నొక్కితే స్కోపు చేసిన తప్పే మీరూ చేసినట్టు. కదలికను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి, లేకపోతే ట్రిక్ షాట్లలో కదలిక సీరియల్‌లా జారిపోతుంది. నాయిస్ రిడక్షన్ సున్నాకు తెండి, అది గ్రెయిన్‌తో (ఫిల్ము మీది సన్నటి రేణువులతో) పాటు సావిత్రి ముఖంలోని సన్నటి నీడలనూ తుడిచేస్తుంది. శబ్దానికి సరౌండ్ మోడ్ వద్దు, మామూలు స్టీరియో చాలు, మోనో మాట ఎదుటినుంచే రావాలి. గదిలో లైట్లు ఆపాలి, ముఖ్యంగా లాహిరి పాటకు. ఒక్క బల్బు వెలుగు తెర మీద పడినా ఆ నలుపు బూడిదైపోతుంది.

మూడు గంటలు ఒకే బిగిన కూర్చోలేకపోతే సుభద్ర, అభిమన్యుడు ద్వారక విడిచి బయలుదేరే చోట ఆపండి. రెండో రోజు అడవిలో ఘటోత్కచుడితో మొదలవుతుంది, ఇక మధ్యలో ఆపమని ఎవరూ అడగరు.