పెరట్లో ఆఫీసు రూముకు ఫోను: వేరే సిమ్మా, కార్డ్‌లెస్సా, ఇంటి నుంచి కేబులా?

నల్లగొండ చుట్టుపక్కల ఈమధ్య చాలామంది పెరట్లో ఓ మూలకు వేరే రూము వేసుకుంటున్నారు. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేసేవాళ్లు, జీఎస్టీ లెక్కలు చూసేవాళ్లు, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్లు. ఇంట్లో పిల్లల గోల, టీవీ చప్పుడు, వచ్చిపోయే చుట్టాల మధ్య పని సాగదు కాబట్టి అది మంచి పనే. గోడలు లేస్తాయి, రేకులు పడతాయి, కూలర్ వస్తుంది, టేబుల్ వస్తుంది, ఫోను సంగతి మాత్రం అన్నీ అయ్యాక గుర్తొస్తుంది. తీరా కూర్చున్నాక అవతలి మనిషి "సార్, మీ వాయిస్ వస్తలేదు" అంటుంటే ఫోను చెవికి ఆనించుకుని బయటికి ఉరకాలి. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి క్లయింటుతో మాట్లాడాల్సి వస్తే ఇక రూము కట్టుకుని ఏం లాభం?

నా అభిప్రాయం ముందే చెప్తా. ఇంటికి ఫైబర్ నెట్ ఉంటే, దాన్ని భూమిలోంచి కేబుల్‌తో రూములోకి తీసుకెళ్లి మొబైల్‌లో వైఫై కాలింగ్ (టవర్ సిగ్నల్ బదులు వైఫై మీదుగా మామూలు కాల్ వెళ్లడం) పెట్టుకోవడమే అన్నిటికన్నా మేలు. అయితే అందరికీ అంత ఖర్చు అవసరం పడదు, కొందరికి సిమ్ మారిస్తే చాలు.

అందుకే మొదట సిగ్నల్ కొలవండి. ఫోను పైన కనిపించే గీతలను నమ్మకండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ చూస్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో ఉంటుంది, అంకె సున్నాకు ఎంత దగ్గరైతే అంత మేలు. మైనస్ 85 అంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటి ఇంకా కిందికి పోయిందంటే మాట తెగడం ఖాయం. తలుపు మూసి, మీరు రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని చూడండి, ఎందుకంటే అదే ఫోను కిటికీ గట్టు మీద ఒక అంకె చూపిస్తుంది, టేబుల్ మీద ఇంకోటి చూపిస్తుంది. రేకు ఇనుము కదా, సిగ్నల్‌ను లోపలికి రానీయదు. మన దగ్గర గోడలు కూడా చాలాచోట్ల రాతివే, పైగా టవర్‌కూ ఇంటికీ మధ్య ఒక గుట్ట అడ్డం ఉంటుంది.

ఆ తర్వాత ఇంట్లోవాళ్లవీ పక్కింటివాళ్లవీ వేరే కంపెనీల సిమ్‌లు అడిగి అదే కుర్చీలో అదే పరీక్ష చేయండి. తక్కువ ఫ్రీక్వెన్సీ గోడల్లోంచి బాగా దూరుతుంది. జియోకు 850, ఎయిర్‌టెల్‌కు 900, బీఎస్ఎన్ఎల్ 4జీకి 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు ఉన్నాయి. మీకు దగ్గరి టవర్‌లో ఏది నడుస్తుందన్నదే ముఖ్యం కాబట్టి పేరు చూసి తీసుకోకండి, పరీక్షించి తీసుకోండి. ఏదో ఒక సిమ్ మైనస్ 95 దగ్గర నిలకడగా ఉంటే నెంబర్ మార్చకుండానే 1900కు మెసేజ్ పెట్టి పోర్ట్ అవ్వండి, మీ పని అయిపోయింది. ఇంత చవకైన దారి ఇంకోటి లేదు.

సిగ్నల్ బూస్టర్ జోలికి మాత్రం పోవద్దు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఎవరో ఒకరు "అన్నా, రెండు వేలకు పెట్టిస్తా, ఫుల్ సిగ్నల్" అంటారు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచే లైసెన్స్ లేకుండా ఇలాంటివి దగ్గర పెట్టుకోవడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, నాసిరకం బూస్టర్ టవర్ వైపుకు రొద పంపుతుంది, దాంతో మీ వీధిలో వాళ్ల కాల్స్ కూడా తెగుతాయి. మన ఫోను కోసం పక్కింటి ముసలాయన ఆపదలో 108కి కొట్టినా కలవకుండా చేయడం న్యాయం కాదు.

ల్యాండ్‌లైన్ వైపు చూస్తే, ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే మోడెమ్‌కు చాలావాటికి వెనకాల ఫోన్ పోర్ట్ కూడా ఉంటుంది. దానికి కార్డ్‌లెస్ ఫోను తగిలించి బేస్ ఇంట్లో పెట్టి, హ్యాండ్‌సెట్ రూముకు తెచ్చుకోవచ్చు. డబ్బా మీద ఆరుబయట 300 మీటర్లు, ఇంట్లో 50 మీటర్లు అని రాసి ఉంటుంది. రెండు గోడలు, రేకుల కప్పు అడ్డం వస్తే ఆ లెక్క నిలబడదు. రూము ఇంటికి పది పదిహేను అడుగుల్లో ఉండి, రోజుకు నాలుగు ఫోన్లు మాట్లాడేవాళ్లకు ఇది బాగానే సరిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఎత్తగలరు, సెట్టింగ్‌ల గొడవ లేదు. కానీ వీడియో మీటింగ్ దాంతో కాదు కదా, నెట్ కోసం మళ్లీ వేరే దారి వెతుక్కోవాల్సిందే. ప్లగ్గులో పెట్టే వైఫై ఎక్స్‌టెండర్ కూడా అంతే, అందుకున్నదాన్నే తిరిగి పంపుతుంది కాబట్టి వేగం పడిపోతుంది, మాట ఆగి ఆగి వస్తుంది.

ఇక కేబుల్. ఇక్కడ లాన్ కేబులా, ఫైబరా అన్న ప్రశ్న వస్తుంది. లాన్ కేబుల్ 100 మీటర్ల వరకు నడుస్తుంది, ఏ కుర్రాడైనా బిగించగలడు. కానీ అది రాగి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారంతో పాటు ఉరుములు మెరుపులు వస్తాయి చూడండి, పిడుగు మీ ఇంటి మీదే పడాల్సిన పని లేదు, దగ్గర్లో పడినా రెండు కట్టడాల మధ్య ఉన్న రాగి తీగలోకి కరెంటు పొంగి అటు మోడెమ్, ఇటు కంప్యూటర్ పోర్ట్ రెండూ కాలిపోవచ్చు. ఫైబర్‌లో పోయేది వెలుతురు, గాజులోంచి కరెంటు పారదు. ఇనుప తీగ లేని రకం అడిగి తీసుకుని, రెండు చివర్లా మీడియా కన్వర్టర్ (ఫైబర్ వెలుతురును లాన్ కేబుల్ సిగ్నల్‌గా, దాన్ని మళ్లీ వెలుతురుగా మార్చే చిన్న డబ్బా) పెడితే సరిపోతుంది. ఆ జత సుమారు రెండు వేలలో దొరుకుతుంది. అందుకే నా ఓటు ఫైబర్‌కే. రూము ఇంటికి ఆనుకునే ఉంటే లాన్‌తో సరిపెట్టుకోండి, తప్పేం లేదు.

ఏది వేసినా పైనుంచి గుంజకండి. మన ఊళ్లలో కోతులు కేబుల్ పట్టుకుని ఊగుతాయి, ఒక్క మంద దిగిందంటే ఆ వారం నెట్ ఉండదు. అడుగున్నర లోతు కాలువ తీయించి అంగుళం పైపు వేయండి. మోచేయిలా ఒక్కసారిగా తిరిగే బెండు పెట్టొద్దు, ఫైబర్ అక్కడే విరుగుతుంది. నిదానంగా వంగే బెండు అడగండి. కరెంటు వైరును అదే పైపులో తోయనివ్వకండి. పైపులో ఒక నైలాన్ తాడు కూడా వదిలేస్తే రేపు కేబుల్ మార్చాల్సి వచ్చినా మళ్లీ తవ్వే పని ఉండదు. గోడకు రంధ్రం బయటి వైపు కొంచెం కిందికి వాలేలా కొట్టించండి, లేకపోతే వానాకాలంలో నీళ్లు కేబుల్ వెంటే లోపలికి నడుస్తాయి.

బాయికాడ రూము అయితే, అంటే ఇల్లు ఊళ్లో, రూము మూడు నాలుగు వందల మీటర్ల అవతల పొలంలో ఉంటే, మధ్యలో వేరేవాళ్ల చెలకలు ఉంటాయి, తవ్వనివ్వరు. అప్పుడు రెండు కప్పుల మీద ఎదురెదురుగా పెట్టే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి, అంటే తీగ లేకుండా ఇంటి నెట్‌ను రూముకు చేర్చే యాంటెన్నాల జత మేలు. జత ఏడెనిమిది వేల అటుఇటుగా ఉంటుంది, ఆ బ్యాండ్‌కు 2018 నుంచి లైసెన్స్ అక్కర్లేదు. ఒకటి నుంచి ఇంకోటి కంటికి నేరుగా కనిపించాలి, మధ్యలో మామిడి తోట ఉంటే పనిచేయదు. ఊరికి ఫైబర్ రాకపోతే 5జీ ఎయిర్‌ఫైబర్ (కేబుల్ లేకుండా 5జీ టవర్ నుంచి వచ్చే ఇంటి నెట్) అడిగి చూడండి, యాంటెన్నా కప్పు మీద బయటే ఉంటుంది కాబట్టి రేకుల బాధ ఉండదు.

రూములోకి నెట్ వచ్చాక చిన్న వైఫై రూటర్ పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో ఇది మొదలుపెట్టాయి. అదనపు చార్జీ లేదు, అదే నెంబర్, అవతలివాళ్లకు తేడా తెలియదు. ఒక్క కాల్‌కు సెకనుకు 100 కిలోబిట్లు చాలు. కొన్ని ఫోన్లు నీరసంగా ఉన్న టవర్‌నే పట్టుకుని వేలాడతాయి, అప్పుడు ఫ్లైట్ మోడ్ పెట్టి వైఫై ఒక్కటీ ఆన్ చేసి కాల్ కొట్టండి, వెళ్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. బ్యాంకు ఓటీపీ వస్తుందో లేదో కూడా అలాగే చూసుకోండి.

ఇక కరెంటు. పాత రాగి ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజ్ నుంచే 48 వోల్టుల కరెంటు వచ్చేది, అందుకే ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఫైబర్‌కు ఆ వసతి లేదు. ఇంట్లో మోడెమ్‌కు, కన్వర్టర్‌కు, రూములో రూటర్‌కు, రెండో కన్వర్టర్‌కు మినీ యూపీఎస్ (కరెంటు పోయినా వాటిని నడిపే చిన్న బ్యాటరీ డబ్బా) ఉండాలి, ఒక్కచోట పెట్టి రెండోచోట వదిలేస్తే లాభం లేదు. కొనేముందు ఒక్కోదాని అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉందో ఫొటో తీసుకుని షాపుకు వెళ్లండి. చాలా మోడెమ్‌లకు 12 వోల్టులు ఉంటాయి, కన్వర్టర్లకు తరచూ 5 వోల్టులే.