ఈత అమ్మాయి, షటిల్ అబ్బాయి: ఇద్దరికీ ఎముకల సాంద్రత పరీక్ష చేయించిన అనుభవం

మా అమ్మాయికి 14 ఏళ్ళు, ఆరేళ్ళుగా పోటీ ఈతలో ఉంది. అబ్బాయికి 12, సాయంత్రాలన్నీ షటిల్ కోర్టులోనే గడుపుతాడు. మొన్న జనవరిలో అమ్మాయి మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు, ఇంత చిన్న దెబ్బకే విరిగిందంటే ఒకసారి ఎముకల సాంద్రత చూపించమని కట్టు వేసిన డాక్టరు చెప్పడంతో, హైదరాబాదులోని ఒక క్రీడా వైద్య కేంద్రంలో ఇద్దరికీ డెక్సా స్కాన్ (ఎక్స్‌రేతో ఎముకల సాంద్రత కొలిచే పరీక్ష), వైద్య సలహా కలిపి ఇచ్చే ప్యాకేజీ తీసుకున్నాను. మొత్తం 7,000 రూపాయలు అయింది.

స్కాన్ తీసిన తీరుకు వంక పెట్టడానికి లేదు. లోహపు జిప్పులు, హుక్కులు లేని బట్టలతో రమ్మని ముందురోజే ఫోన్ చేసి చెప్పారు. వెల్లకిలా పడుకోబెట్టి, నడుము బల్లకు ఆనేలా కాళ్ళ కింద పెద్ద స్పాంజి దిమ్మె పెట్టి, ముందు నడుము వెన్నుపూసలను, తరువాత మొత్తం శరీరాన్ని తీశారు. ఎక్స్‌రే కిరణాలే అయినా వాటి మోతాదు చాలా స్వల్పం.

చిక్కంతా రిపోర్టుతో వచ్చింది. అమ్మాయి కాగితం మీద టీ-స్కోరు మైనస్ 2.3 అనీ, పక్కనే ‘ఆస్టియోపీనియా’ (ఎముకల సాంద్రత తగ్గడం) అనీ అచ్చయి ఉంది. టీ-స్కోరు అంటే ఎముకలు పూర్తిగా ఎదిగిన యువతీయువకుల సగటుతో పోల్చి ఇచ్చే అంకె. ఎదుగుతున్న పిల్లలకు దానిని వాడకూడదు. వారికి అదే వయసు పిల్లలతో పోల్చే జడ్-స్కోరు చూడాలి, అది మైనస్ 2గానో అంతకన్నా తక్కువగానో ఉంటేనే వయసుకు తగిన సాంద్రత లేదంటారు. నేను గంటసేపు బెంబేలెత్తిన తరువాత, ఆ కేంద్రంలోని డాక్టరమ్మ ఆ కాగితాన్ని తిప్పి పంపి మరొకటి తెప్పించారు: అమ్మాయి జడ్-స్కోరు మైనస్ 1.1, అబ్బాయిది ప్లస్ 0.6. పొరపాటుకు కౌంటరులో ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

ఇచ్చిన డబ్బుకు ఫలితం దక్కింది మాత్రం ఆమెతో గడిపిన 40 నిమిషాలలోనే. ఎముక తన మీద హఠాత్తుగా, రకరకాల దిశల నుంచి పడే బరువుకు స్పందించి గట్టిపడుతుంది. నీళ్ళలో శరీరపు బరువును నీరే మోస్తుంది, సైకిలు మీద జీను మోస్తుంది. అందుకే గుండె, ఊపిరితిత్తులు ఎంత బలపడినా ఈతగాళ్ళ, సైకిలు పందెగాళ్ళ ఎముకల సాంద్రత ఆటలాడని పిల్లలకన్నా మెరుగ్గా ఉండకపోవచ్చు. జిమ్నాస్టిక్స్, వాలీబాల్, ఫుట్‌బాల్, షటిల్ వంటి గెంతి దూకే ఆటలలో అది ఎక్కువగా ఉంటుంది. మా అబ్బాయి స్కాన్‌లో రాకెట్ పట్టే కుడిచేతి ఎముక ఖనిజం ఎడమచేతి కన్నా ఎక్కువగా ఉన్న అంకెను వేలుపెట్టి చూపించారు. పెద్దయ్యాక ఉండే ఎముకలో దాదాపు నాలుగో వంతు, ఎత్తు గబగబా పెరిగే రెండేళ్ళ కాలంలోనే చేరుతుందట.

అక్కను వెక్కిరించబోయిన మావాడికీ అక్షింతలు పడ్డాయి. దూకే ఆటలలో విశ్రాంతి లేకపోతే అదే బరువు ఎముకను చిట్లిస్తుందనీ, 2019లో బుమ్రాకు నడుములో, 2022లో సింధుకు ఎడమ పాదంలో వచ్చిన స్ట్రెస్ ఫ్రాక్చర్లు అలాంటివేననీ చెప్పారు.

అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి నెలసరి సక్రమంగా వస్తోందా, తెల్లవారుజామున 5 గంటల ప్రాక్టీసుకు ఏం తిని వెళ్తోంది అని అడిగారు. వెచ్చించే శక్తికి తగిన తిండి లేకపోతే నెలసరి తప్పుతుంది, ఎముకా నష్టపోతుంది. ఖాళీ కడుపుతో పంపుతున్నది నేనే కాబట్టి తల దించుకున్నాను. ఈ వయసులో రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని, 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 360 ఉంటుందని రాసిచ్చారు. ఈత మానొద్దు, వారానికి మూడుసార్లు పది నిమిషాలు తాడాట, మెట్టు మీద నుంచి దూకడం చేర్చమన్నారు.

బయటికి వస్తుంటే కౌంటరులో కాల్షియం మాత్రల డబ్బా, మూడు నెలల్లో మళ్ళీ స్కాన్‌కు రాయితీ కూపను చేతిలో పెట్టారు. మాత్రలు డాక్టరమ్మ రాయనివి, వెనక్కి ఇచ్చేశాను. ఆరు నెలలలోపు తీస్తే మార్పేదో, యంత్రపు తేడా ఏదో తేలదు కాబట్టి కూపనూ వృథాయే. వచ్చే జనవరిలో మళ్ళీ అక్కడికే వెళ్తాను, ఎందుకంటే ఒక యంత్రం అంకెలను మరో యంత్రంతో పోల్చడం కుదరదు. ఈసారి మాత్రం కౌంటరు దగ్గరే జడ్-స్కోరు కాగితం అడిగి తీసుకుంటాను.