పాత జావా కొనాలంటే ఏది మేలు: పోలీసు వేలమా, ఓనరు గుమ్మమా?

మైసూరులో 1961 నుంచి తయారైన జావా మోటార్ సైకిల్ మీద మోజుంటే, తక్కువ ధరకు దొరికే చోటు పోలీసు వేలం. ఎవరూ విడిపించుకోని బండ్లకు పేపర్లో ప్రకటన ఇస్తారు, గడువు దాటాక వేలం వేస్తారు. ధరావతు కట్టి వెళ్తే అక్కడ మనతో పోటీ పడేది పాత బండ్ల పిచ్చోళ్లు కాదు, తుక్కు వ్యాపారులు. వాళ్లు లాటుకు లాటే ఎత్తుతారు. మనకు కావాల్సిన ఒక్క జావా కోసం పక్కనున్న బండ్లన్నీ కొనాల్సి రావచ్చు. పైగా ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్నది షరతు. జావాకు గేరు రాడ్డే కిక్కు రాడ్డు; లోపలికి నొక్కి పైకి తిప్పాలి. అది తిరుగుతుందో లేదో చూడనిస్తే అదృష్టమే.

అసలు టెన్షన్ కాగితాలతో. తుక్కు కింద అమ్మిన బండి మళ్లీ రోడ్డెక్కదు. పోలీసులు వాడిన పాత బుల్లెట్ మీద ఆశ ఉంటే అదీ వదులుకోవాల్సిందే: 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు.

ఓనరు దగ్గరైతే ధర మండిపోతుంది. ‘మా నాన్నగారి బండి సార్’ అన్న మాటకే కొంత కలుస్తుంది. అయినా ఆర్‌సీ చేతికొస్తుంది. ఆ నాన్నగారు కాలం చేసి ఉంటే ముందు వారసుల పేరు మీదికి మార్పించమనండి, ఆ తర్వాతే డబ్బు. ఛాసిస్ నంబరు దగ్గర టార్చి వేసి వేలితో తడమండి. అంకెలు వంకరగా ఉన్నా, చుట్టూ గ్రైండింగ్ గీతలు తగిలినా, ఆర్‌సీతో ఒక్క అంకె కలవకపోయినా మారు బేరం వద్దు. కొత్త రంగు వేసి మెరిసిపోతున్న బండినైతే ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ తడమాలి.

ఆర్‌సీకి అంత విలువ ఎందుకంటే, 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. ఫీజు రూ.20,000, గడువు పదేళ్లు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత ఆర్‌సీ పెట్టాలి. ర్యాలీకో ప్రదర్శనకో తీయొచ్చు, రోజూ ఆఫీసుకు మాత్రం కుదరదు. ఆర్‌డీ 350 (రాజ్‌దూత్ 350) బైకు అభిమానులు ఇంకా ఆగాలి. ఎస్కార్ట్స్ దాన్ని 1983లో మొదలుపెట్టింది కాబట్టి మొదటి బండ్లకు యాభై నిండేది 2033లో.

నా ఓటు ఓనరుకే. వేలంలో జావా కనిపిస్తే విడిభాగాల కోసమైతేనే పాడతాను. అప్పుడూ జీఎస్టీ, ట్రాలీ ఖర్చు కలిపి ఒక అంకె ముందే అనుకుని, అది దాటితే చెయ్యి దించేస్తాను.