ఏటికొప్పాక లక్కపిడతల సెట్టు: రెండేళ్ళ పిల్లాడితో నాలుగు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, బొమ్మల రివ్యూ అని మొదలుపెట్టాను కానీ ఇందులో సగం మా ఇంట్లో ఈ వానాకాలం ఎలా గడిచిందన్న గోడే ఉంటుంది. మాది విశాఖలో, మధురవాడ దగ్గర రెండు బెడ్‌రూముల ఫ్లాట్. బాబుకి రెండేళ్ళు నిండి నాలుగు నెలలైంది. మామూలు రోజుల్లో సాయంత్రం కింద పార్కింగులో వదిలితే ఓ గంట తిరిగి అలిసిపోయి వస్తాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వినపడిందా, నాకు టెన్షన్ మొదలు. మూడు రోజులు తలుపు తీసేది లేదు, బాల్కనీ నిండా ఆరని బట్టలు, కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, ఈయన లోపల గదిలో మీటింగుల్లో ఉంటారు, వీడేమో పొద్దున్న తొమ్మిదికే 'అమ్మా ఏం చేద్దాం' అన్నట్టు మొహం పెట్టి ఫ్రిజ్ తలుపుకి వేలాడుతుంటాడు.

ఫోన్ ఇచ్చేస్తే నిమిషంలో నోరు మూతపడుతుందని నాకూ తెలుసు. ఇచ్చాను కూడా, అబద్ధం ఎందుకు. కానీ రెండేళ్ళ పిల్లలకి స్క్రీన్ రోజుకి గంట దాటకూడదని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, మా పిల్లల డాక్టరు గారూ అదే మాట. ఆ గంట పొద్దున్న టిఫిన్ దగ్గరే అయిపోతే మిగతా రోజు సంగతేంటి?

అందుకే ముందు ఆన్‌లైన్‌లో నెలనెలా వచ్చే ఒక యాక్టివిటీ బాక్స్ తెప్పించాను. పేరు చెప్పను. 1,499 రూపాయలు. లోపల రంగు రంగుల గుడ్డ ముక్కలు, అతికించే స్టిక్కర్లు, ఒక తాడు, దానికి ఎక్కించే చెక్కపూసలు, ఓ ఇరవై కార్డులు, అన్నింటికీ ఎలా ఆడించాలో రాసిన ఇంగ్లిషు పుస్తకం. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అయితే ప్రతి ఆటకీ ముందు నేను చదవాలి, సర్దాలి, చూపించాలి. పది నిమిషాలు నేను తయారుచేస్తే వాడు ఆరు నిమిషాల్లో ముగించి పక్కకి తోసేస్తాడు. స్టిక్కర్లు మొదటి పూటే ఫ్రిజ్ మీదకి ఎక్కాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. పూసలు చూస్తే బఠాణీ గింజకి కాస్త పెద్దవి, ఒకటి వాడి బుగ్గలోంచి తీశాక మొత్తం సంచీలో కట్టి అటక మీద పడేశాను. రెండో నెల బాక్స్ రద్దు.

ఇక లక్కపిడతల దగ్గరికి వస్తాను. మా పుట్టిల్లు తుని. జూలైలో అక్కడినుంచి వస్తూ అడ్డరోడ్డు దగ్గర హైవే దిగి ఏటికొప్పాక వెళ్ళాం. వరాహ నది ఒడ్డునున్న ఊరు, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఎన్నిసార్లు ఆ దారిన వెళ్ళినా లోపలికి తిరగడం మాత్రం అదే మొదటిసారి. ఒక ఇంటి వరండాలో పని చేస్తున్నాయన మమ్మల్ని కూర్చోబెట్టి చూపించారు. అంకుడు కర్ర ముక్కని మోటారు మీద తిప్పుతూ ఉలి ఆనిస్తే చెక్కపొట్టు రిబ్బన్లా ఊడి వస్తోంది, క్షణాల్లో గిన్నె ఆకారం. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న గిన్నెకి గట్టిగా అదిమారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి తనంతట తానే చుట్టూ పాకేసింది. కుంచె లేదు, పెయింటు డబ్బా లేదు. చివర్లో ఎండిన మొగలి ఆకు ముక్క ఆనించి పట్టుకునేసరికి అద్దంలా మెరుపొచ్చింది. మావాడు నోరు తెరుచుకుని కదలకుండా చూశాడు, బాక్స్ కంపెనీ వాళ్ళు ఆ దృశ్యం చూస్తే సిగ్గుపడాలి.

నేను కొన్నది వంట సెట్టు, పద్నాలుగు వస్తువులు, 650 రూపాయలు పడింది. పొయ్యి, బిందె, చెంబు, రెండు గ్లాసులు, మూతలున్న గిన్నెలు మూడు, రోలు, రోకలి, తిరగలి, గరిటె, పప్పుగుత్తి, ఒక పళ్ళెం. పసుపు, ఎరుపు, కాస్త నీలం. పసుపు రంగు వంటింటి పసుపుదేనని, నీలం నీలిమందుదని ఆయన చెప్పారు. ఊళ్ళో సహజ రంగుల పని నిలబడటానికి ఎంతో పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చిన సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. అలాగని ఏటికొప్పాక పేరు కనపడగానే కళ్ళు మూసుకుని కొనేయకండి, రంగు దేంతో చేశారని అడిగి తీసుకోండి. ఎందుకు చెబుతున్నానంటే, మా ఆడపడుచు పాపకి ఇద్దామని సెప్టెంబరులో ఇదే పేరుతో ఆన్‌లైన్‌లో మరో సెట్టు తెప్పించాను. తడి గుడ్డతో తుడిస్తే గుడ్డ ఎర్రగా అయింది. చేత్తో తడిమితే కుంచె గీతలు తెలుస్తున్నాయి, లోపలి అంచున పెయింటు గడ్డకట్టి ఉంది. రిటర్న్ పెడితే పది రోజులు తిప్పించుకుని సగం డబ్బు ఇచ్చారు. నిజమైన లక్క పనిలో రంగు చారలు గిన్నె చుట్టూ గుండ్రంగా తిరుగుతాయి, కుంచె ఆనవాలు ఉండదు, మామూలు తడి గుడ్డకి రంగు రాదు. గుర్తుపట్టడానికి నాకు తెలిసింది ఇంతే.

ఐఎస్‌ఐ గుర్తు ఉందా అని ఈయన అడిగారు. లేదు. మన దేశంలో బొమ్మలకి ఆ గుర్తు 2021 జనవరి నుంచి తప్పనిసరి చేశారు కానీ రిజిస్టరైన హస్తకళాకారులు చేసినవాటికి, జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ వచ్చింది. మరి పరీక్ష చేసే పని మన మీదే పడుతుంది. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి వాడే కొలత గొట్టం 31.7 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో పట్టేసే వస్తువు గొంతులో అడ్డం పడొచ్చని లెక్క. ఆ గొట్టం మన దగ్గర ఎక్కడుంటుంది, టిష్యూ రోల్ మధ్య అట్ట గొట్టం దానికంటే కొంచెం వెడల్పు, అందులోంచి జారిపోయేదాన్ని పక్కన పెట్టేయడమే నా పద్ధతి. పద్నాలుగింట్లో రెండు జారాయి: చిన్న గిన్నె మూత, పప్పుగుత్తి. పప్పుగుత్తికి సన్నటి పుల్ల కాడ, నోట్లో పెట్టుకుని పరిగెడితే అంతే సంగతులు. ఆ రెండూ బీరువాలో ఉన్నాయి. చిన్నపిల్లల కోసం అని అమ్ముతున్నప్పుడు ఇవి లేకుండా ఓ సెట్టు కట్టి ఇవ్వొచ్చు కదా అనిపించింది.

సరే, ఆడాడా లేదా?

మొదటి రెండు రోజులు ఆడలేదు. మూతలు తీసి విసిరాడు. అంకుడు కర్ర తేలికే కానీ రోలు కాలి బొటనవేలి మీద పడితే నొప్పి బాగానే తెలుస్తుంది. 650 కూడా అటకెక్కినట్టే అనుకుంటుంటే అత్తయ్య కింద కూర్చుని, వాడిని పిలవకుండానే, చెంబులోంచి గ్లాసులోకి ఉత్తుత్తి కాఫీ తిరగబోయడం మొదలుపెట్టారు. ఆవిడ రోజూ నిజం కాఫీని అలాగే చల్లారుస్తారు, ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి. 'నువ్వు రెండుసార్లు పొయ్యమ్మా, మూడోసారికి వాడే నిన్ను లేపేస్తాడు' అన్నారు. నిజంగానే లేపేశాడు. చెంబు లాక్కుని, రెండు చేతులూ పూర్తిగా చాపి, ఒళ్ళంతా ఒక పక్కకి వంచి పోశాడు, గ్లాసు అంచు మీద 'ఉఫ్ ఉఫ్' అని ఊదాడు, ఖాళీ గ్లాసుని ఒలికిపోతుందన్నంత భయంగా పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ తాతగారి దాకా వెళ్ళి 'తాతా, కాపీ, వేలి' అన్నాడు. మామయ్యగారు పేపరు దించి తాగి, పంచదార తక్కువైందన్నారు. మళ్ళీ పొయ్యి దగ్గరికి. ఆ పంచదార ఆట ముప్పావుగంట సాగింది, నేను ఆ లోపు స్నానం చేసి తల ఆరబెట్టుకుని వచ్చాను. పిల్లలున్న వాళ్ళకి దీని విలువ విడిగా చెప్పక్కర్లేదు.

అప్పటినుంచి వాన రోజుల్లో మా ఇంట్లో ఆటలన్నీ ఈ సెట్టు చుట్టూనే తిరుగుతున్నాయి. అన్నింటికంటే బాగా పనిచేసేది మరమరాలు. పాత దుప్పటి పరిచి, స్టీలు బేసిన్లో రెండు గుప్పిళ్ళు పోసి, గిన్నెలూ గరిటె ఇస్తే నింపడం, ఒంపడం, మూత పెట్టడం, తీయడం, మధ్యలో తినడం. అరగంట ఖాయం. శనగలు, పల్లీలు, రాజ్మా లాంటివి మాత్రం నేను ఇవ్వను, ముక్కులో దూర్చుకునే వయసు. ఆట అయ్యాక దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని దులిపితే సరి, ఆలస్యం చేస్తే చీమలు పట్టేస్తాయి. తిరగలిలో ఒకటి రెండు మరమరాలు వేసి తిప్పితే అవి పొడి అవడం వాడికి పెద్ద వింత. రోలు కూడా అంతే, అయితే మధ్యాహ్నం రెండింటికి రోకలి పోటు మొదలయ్యేసరికి కింది ఫ్లాట్ ఆంటీ లిఫ్టులో కనపడి 'మీ బాబు ఏం దంచుతున్నాడమ్మా?' అని నవ్వుతూనే అడిగారు. ఇప్పుడు రోలు కింద బొంత మడతపెట్టి వేస్తున్నాను.

సెట్టుతో సంబంధం లేనివి కూడా రెండు చెప్పాలి, ఎందుకంటే ఒక్క బొమ్మతో రోజంతా గడవదు. ఉడికించిన బంగాళాదుంప చల్లారాక చేతికిస్తే తొక్క వలవడం పావుగంట పని, ఆ దుంపలు నిజంగానే కూరలోకి వెళ్ళాలి, నాటకం ఆడితే వీడు కనిపెట్టేస్తాడు. బెండకాయ తొడిమ వైపు కోసి, బీట్‌రూట్ నీళ్ళలో ముంచి పాత పేపరు మీద అద్దితే పువ్వులు పడతాయి. ఇది మటుకు బాత్రూములో, లాగు ఒక్కటే వేసి. హాల్లో చేయించిన పాపానికి మా సోఫా పక్క గోడ మీద ఏడు పువ్వులున్నాయి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు గారికి ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.

సెట్టు విషయంలో నేను నేర్చుకున్న కిటుకు ఒకటే. పద్నాలుగూ ఒకేసారి ముందు పోస్తే దేన్నీ పట్టించుకోడు. ఐదు బయట, మిగతావి గోనెసంచీలో. నాలుగు రోజులకోసారి రెండు మారుస్తాను. బిందె వారం తర్వాత కనపడితే కొత్త బొమ్మంత సంబరం.

లోపాలు. నీళ్ళ ఆటకి ఇవి పనికిరావు, ఇది నాకు పెద్ద లోటే, ఈ వయసు పిల్లలకి నీళ్ళకి మించిన ఆట లేదు. ఒకసారి గ్లాసు బకెట్లో వేసి రాత్రంతా మర్చిపోతే తెల్లారేసరికి కర్ర ఉబ్బి, అడుగున లక్క పొరలా లేచింది. నీళ్ళకి స్టీలు గ్లాసులే ఇస్తున్నాను. రెండోది నా తప్పే. వాడికి జలుబు చేసినప్పుడు అన్నీ శుభ్రం చేద్దామని శానిటైజరు దూదిలో ముంచి చెంబు తుడిచాను. దూది పసుపుపచ్చ, చెంబు జిగురు జిగురు, వేళ్ళు అంటుకుపోయాయి. లక్క ఆల్కహాల్లో కరిగిపోతుందని తర్వాత తెలిసింది. అంటే నా సెట్టు నకిలీ అని కాదు, అసలు లక్క కాబట్టే కరిగిందన్నమాట. వేడినీళ్ళు కూడా వద్దు, మెత్తబడుతుంది. కొద్దిగా తడిపి పిండేసిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దితే చాలు. ఆ చెంబు ఇప్పుడు ఒక పక్క మెరుపు లేకుండా ఉంది, వాడికేం పట్టలేదు.

ఇంకోటి, దీన్ని ఇచ్చేసి మనం పక్కకి వెళ్ళిపోతే కుదరదు. మొదటి పది నిమిషాలు ఎవరో ఒకరు నేల మీద కూర్చోవాలి. మా ఇంట్లో అత్తయ్య, మామయ్యగారు ఉన్నారు కాబట్టి నాకు సాగింది. ఇద్దరే ఉండి ఇద్దరూ ల్యాప్‌టాప్‌ల ముందుండే ఇంట్లో ఇదేదో అద్భుతం చేస్తుందని నేను చెప్పను.

ఐదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఆ ఒకటీ నీళ్ళకి సగం, పప్పుగుత్తికి సగం. ఏడాదిన్నర లోపు పిల్లలకైతే ఈ వంట సెట్టు కాకుండా, ఒకదాని మీద ఒకటి పేర్చే పెద్ద చక్రాల బొమ్మ తీసుకోండి, అదీ అక్కడ దొరుకుతుంది, అదీ గొట్టంలో వేసి చూశాకే. వీలైతే ఊరికి వెళ్ళి కొనండి, విశాఖ నుంచి పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు, పిల్లలకి మోటారు మీద గిన్నె పుట్టడం చూపించినట్టూ ఉంటుంది.

ఈ వారం మళ్ళీ వాన. తిరగలి పైభాగం మంగళవారం నుంచి కనపడటం లేదు. గిన్నెలూ గ్లాసులూ అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు, అడిగితే 'బువ్వ' అంటున్నాడు. బియ్యం డబ్బా అడుగున చూడాలి.