30 రెట్ల జూమ్ ఉన్న జేబు కెమెరా కొనేముందు జాగ్రత్త: వానాకాలం దాటకముందే లెన్సు బిగుసుకుపోయింది

జేబులో పట్టే, 30 రెట్ల జూమ్ ఉన్న డిజిటల్ కెమెరా కొనాలని చూస్తున్నవారికి ఈ హెచ్చరిక. ముఖ్యంగా గుళ్లు, పాత కట్టడాలు ఫొటోలు తీసే అలవాటు ఉన్నవారు, సముద్రతీర జిల్లాల్లో ఉండేవారు డబ్బు కట్టేముందు కాస్త ఆగి ఇది చదవండి. నేను కొన్న కెమెరా మొదటి వానాకాలమైనా దాటలేదు. లెన్సు సగం బయటికి వచ్చి బిగుసుకుపోయింది. పక్కనున్న రబ్బరు మూత ఊడిపోయింది. వారంటీ గడువు ఇంకా ఉండగానే మరమ్మతు ఖర్చు మొత్తం నన్నే భరించమన్నారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. పేరు తెలియకపోయినా మీకు నష్టం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాల్లో చాలావరకు ఈ తరహా కెమెరాల నిర్మాణంలోనే ఉన్నవి. ఏ కంపెనీది కొన్నా వీటిని చూసుకోవలసిందే.

నాకు ఆ కెమెరా ఎందుకు కావలసి వచ్చిందో ముందు చెప్పాలి. ఉత్తరాంధ్ర గుళ్లలోని శాసనాలను ఫొటోలు తీసుకుని, ఇంటికి వచ్చాక తీరిగ్గా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుకోవడం నాకు ఏళ్లనాటి అలవాటు. ముఖలింగం, శ్రీకూర్మం, సింహాచలం, ఈ మూడు చోట్ల ఉన్నవి చదవడానికే ఒక జీవితం చాలదు. రాళ్లు అరిగిపోయాయి. కొన్నిచోట్ల నూనె మరకలు, కొన్నిచోట్ల పాత సున్నపు పూతలు. ఎదురుగా ఫ్లాష్ వేస్తే ఉన్న అక్షరం కూడా కనబడకుండా పోతుంది. టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేటట్టు పట్టుకోవాలి. అప్పుడు చెక్కిన గీతలో నీడ నిలిచి అక్షరం పైకి తేలుతుంది. ఆ కాస్త వెలుగులో షట్టర్‌ను అర సెకనో, సెకనో తెరిచి ఉంచాలి కాబట్టి ట్రైపాడ్ తప్పదు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే విడిగా అనుమతి తెచ్చుకోవాలి. ఎత్తున ఉన్న రాతి పట్టీల మీది వరుసలకు జూమ్ కావాలి. పెద్ద లెన్సుల బరువు మోసే ఓపిక నాకు లేదు. ప్రకటనలో ఇచ్చిన వివరాల పట్టిక ప్రకారం ఈ కెమెరా నా అవసరానికి అన్నివిధాలా సరిపోయింది.

ఫొటోల విషయంలో అన్యాయంగా మాట్లాడను. పగటి వెలుగులో మంచి ఫొటోలే ఇచ్చింది. చేతి వణుకును సర్దే ఏర్పాటు కూడా బాగా పనిచేసింది. లెన్సు నుంచి వచ్చే వెలుగును ఫొటోగా మార్చే సెన్సర్ చిన్నది, దాదాపు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు. చీకటి మంటపంలో వెలుగును పట్టే సున్నితత్వం పెంచితే ఫొటోలో చుక్కలు తేలతాయన్నది తెలిసిన విషయమే, అందుకే కదా ట్రైపాడ్. నా గొడవ ఫొటోల గురించి కాదు, వాటిని తీసే వస్తువు గట్టిదనం గురించి, దాన్ని రూపొందించిన తీరు గురించి.

మొదట లెన్సు సంగతి. అంత జూమ్‌ను జేబులో పట్టేంత మందంలో ఇమడ్చాలంటే లెన్సు గొట్టాన్ని మూడు నాలుగు ముక్కలు చేసి, పాత టెలిస్కోపులా ఒకదానిలో ఒకటి దూరేటట్టు పెడతారు. లోపల సన్నని గాడులు, వాటి వెంట జారే బుల్లి ప్లాస్టిక్ పిన్నులు, తిప్పడానికి చిన్న మోటారు, ప్లాస్టిక్ పళ్ల చక్రాలు. స్విచ్ నొక్కిన ప్రతిసారీ గొట్టాలు బయటికి వస్తూ గాలిని లోపలికి లాగుతాయి, ఆపినప్పుడు వదులుతాయి. గాలితోపాటు దుమ్ము కూడా పోతుంది. గొట్టాల మధ్య సందులో ఒక్క ఇసుక రేణువు చిక్కినా మోటారు తిప్పలేక ఆగిపోతుంది. తెర మీద లెన్సులో లోపం ఉందని, ఆపి మళ్లీ వేయమని ఒక వాక్యం వస్తుంది. ఎన్నిసార్లు ఆపి వేసినా అదే వాక్యం. నాది అలాగే ఆగింది. అప్పటికే ఫొటోలలో ఆకాశం పడినచోట ఒక బూడిదరంగు మచ్చ స్థిరంగా కనబడుతోంది. అది సెన్సర్ మీద కూర్చున్న దుమ్ము. లెన్సు మార్చగలిగే కెమెరా అయితే లెన్సు విప్పి గాలి ఊదే రబ్బరు బుడ్డితో మనమే దులుపుకోవచ్చు. దీని లెన్సు విప్పేది కాదు, ఆ మచ్చ పోవాలంటే కెమెరా మొత్తం విప్పాలి.

ఆన్ స్విచ్ ఎక్కడ పెట్టారో చూడండి. ఫొటో తీసే బటన్ పక్కనే, పైకి ఉబ్బి ఉంటుంది. మెత్తని సంచిలో పెట్టుకుంటే కాస్త ఒత్తిడికే నొక్కుకుపోతుంది. అప్పుడు లెన్సు సంచి లోపలే బయటికి రాబోతుంది, గుడ్డ అడ్డుపడుతుంది, మోటారు గింజుకుంటుంది. ఇలా జరిగిన ప్రతిసారీ లోపలి పళ్లు అరుగుతాయి. స్విచ్‌ను ఒక మిల్లీమీటరు లోతుగా పెట్టి ఉంటే ఈ సమస్యే ఉండేది కాదు. దానికి అదనపు ఖర్చు కూడా ఉండదు. కెమెరా అందంగా కనబడాలని ఆలోచించినవారు, దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కే మనిషిని గురించి ఆలోచించలేదు.

బ్యాటరీ మూత నన్ను ఇంతకంటే ఎక్కువ బాధపెట్టింది. మూత కెమెరా అడుగున ఉంది, ట్రైపాడ్ మర బిగించే రంధ్రం సరిగ్గా దాని పక్కన. ట్రైపాడ్ పలక బిగించగానే మూత తెరుచుకోదు. మెమరీ కార్డు కూడా ఆ మూత కిందే. శ్రీకూర్మంలో ఒక స్తంభం ముందు కూర్చుని, వరుస తర్వాత వరుస ఒకే దూరంలో, ఒకే కోణంలో తీసుకుంటూ వస్తున్నాను. ఇంట్లో వాటిని పక్కపక్కన అతికిస్తే శాసనం మొత్తం ఒకే బొమ్మగా రావాలి. సగంలో బ్యాటరీ అయిపోయింది. పలక విప్పి, బ్యాటరీ మార్చి, మళ్లీ బిగించేసరికి కెమెరా చూసే చోటు వేలెడు పక్కకు జరిగింది. మొదటి సగానికీ రెండో సగానికీ అక్షరాల సైజు, వాలు కలవలేదు. ఆ పని మొదటినుంచి చేయవలసి వచ్చింది. అనుమతి సమయం మాత్రం మన కోసం ఆగదు.

ఒక్కసారి చార్జి చేస్తే ఇన్ని ఫొటోలు వస్తాయని పెట్టె మీద రాసే సంఖ్య గురించి కూడా ఒక మాట. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం పెట్టిన ప్రమాణం ప్రకారం, 23 డిగ్రీల ఉష్ణోగ్రతలో, 30 సెకన్లకు ఒక ఫొటో చొప్పున, రెండింటిలో ఒకదానికి ఫ్లాష్ వేస్తూ లెక్కిస్తారు. కెమెరాలను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి అది పనికివస్తుంది. తెర వెలిగించి పెట్టుకుని అక్షరం స్పష్టంగా ఉందో లేదో పెద్దది చేసి చూసుకునే నాలాంటివారికి ఆ సంఖ్యలో సగం కూడా రాదు.

మరొకటి. తీసిన ఫొటోను తెర మీద పరిశీలిస్తూ ఉంటే కాసేపటికి లెన్సు తనంతట తానే లోపలికి ముడుచుకుంటుంది. మళ్లీ లేపితే జూమ్ మొదటికి వస్తుంది, ఫోకస్ మొదటికి వస్తుంది. ఆగిన చోటే మొదలుపెట్టే సదుపాయం కొన్ని కెమెరాల్లో ఉంటుంది, ఇందులో లేదు. మాన్యువల్ ఆసాంతం వెతికాను.

చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. విడి చార్జర్ పెట్టెలో ఇవ్వలేదు. బ్యాటరీని కెమెరాలోనే ఉంచి తీగ గుచ్చాలి. అంటే రోజూ ఆ మూత తీయాలి. అది వేలాడేది గోరంత సన్నని రబ్బరు పోగు మీద. అది తెగడంతో రంధ్రం నోరు తెరుచుకుంది, సముద్రపు గాలికి లోపలి లోహపు పలుకుల మీద పచ్చని చిలుము కనబడింది. దోమల మందు రాసుకున్న చేతులతో కెమెరా పట్టుకోకండి, కొన్ని మందుల్లో వాడే డీట్ అనే రసాయనం కొన్ని రకాల ప్లాస్టిక్‌ను, రబ్బరును పాడుచేస్తుంది. ఇది ఏ కెమెరాకైనా వర్తిస్తుంది.

ఇక సర్వీస్ సెంటర్. వారు కెమెరా తీసుకుని, కొద్ది రోజులకు ఫోను చేసి, లోపల ఇసుక, తేమ జాడలు ఉన్నాయని, అది వాడినవారి వల్ల జరిగిన నష్టమని, వారంటీ వర్తించదని చెప్పారు. లెన్సు భాగం మొత్తం మార్చాలట. చెప్పిన ఖర్చు కెమెరా ధరలో సగానికి పైనే. నేను కెమెరాను నీళ్లలో ముంచలేదు, కింద పడేయలేదు. గాలిలో ఉన్న తేమనూ, దుమ్మునూ ఆపగలిగే శక్తి నాకెక్కడిది? చాలా కెమెరాల మాన్యువల్‌లో చివరి పేజీల్లో చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది: 0 నుంచి 40 డిగ్రీల ఉష్ణోగ్రతలో, 85 శాతానికి మించని తేమలో వాడాలి అని. మన ఎండాకాలం 40 దాటుతుంది. తీరంలో వానాకాలపు తేమ 85కు చేరడం ఏమంత అరుదు కాదు. అయినా ప్రకటనలో మాత్రం ఒక యాత్రికుడు సముద్రపు ఒడ్డున ఇసుకలో నిలబడి ఇదే కెమెరాతో ఫొటో తీస్తుంటాడు. ఆ చోటు కెమెరాకు పడదని కొనేముందే పెద్ద అక్షరాలతో రాసి ఉంటే నేను కొనేవాడినే కాదు.

తయారీ లోపాలు ఉండవు, అన్నీ వాడకం తప్పులే అని వాదించేవారికి రెండు సంగతులు గుర్తుచేయాలి. 2005లో సోనీ తయారు చేసిన కొన్ని సీసీడీ (అప్పట్లో కెమెరాల్లో ఎక్కువగా వాడిన రకం) సెన్సర్లు వేడికీ, తేమకూ లోపల అతుకులు వదిలి పాడవుతున్నాయని బయటపడింది. ఆ సెన్సర్లను కేనన్, నికాన్ వంటి ఇతర కంపెనీలు కూడా వాడాయి కాబట్టి అవన్నీ ప్రకటనలు ఇచ్చి ఉచితంగా బాగుచేయవలసి వచ్చింది. 2012లో వచ్చిన నికాన్ డి600 అనే కెమెరాలో సెన్సర్ మీద మచ్చలు పడుతున్నాయని కొన్నవారు గోల పెడితే, 2013లో కంపెనీ ఆ మచ్చలను శుభ్రం చేయడం గురించి సూచన జారీ చేసింది. 2014లో వారంటీ ముగిసినవారికి కూడా ఉచితంగా శుభ్రం చేసి, అవసరమైతే షట్టర్ భాగాలు మార్చి ఇస్తామని ఒప్పుకుంది. కొన్నవారు ఫొటోలు చూపించి గట్టిగా అడిగారు కాబట్టే అది జరిగింది. మార్కెట్లోకి కొత్తగా వచ్చిన మోడల్‌ను మొదటి నెలల్లో కొంటే, కంపెనీ చేయవలసిన పరీక్ష మన డబ్బుతో మనమే చేస్తున్నట్టు.

ఇంత తెలిసీ అదే తరహా కావాలనుకుంటే దుకాణంలో వివరాల పట్టిక పక్కనపెట్టి వస్తువును చేతిలోకి తీసుకోండి. లెన్సును పూర్తిగా బయటికి తెప్పించి కొసను వేలితో మెల్లగా కదపండి, బాగా ఊగితే వదిలేయండి. మీ ట్రైపాడ్ పలక వెంట తీసుకెళ్లి బిగించి, బ్యాటరీ మూత తెరుచుకుంటుందో లేదో చూడండి. దుకాణదారు విసుక్కున్నా సరే. రబ్బరు మూతలు దేని మీద వేలాడుతున్నాయో చూడండి. దుమ్ముకూ తుంపరలకూ తట్టుకుంటుందని నోటిమాటగా చెబితే నమ్మకండి, ఐపీ అనే అక్షరాల తర్వాత రెండు అంకెలు ఉన్నాయో లేదో అడగండి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. అంకె లేకపోతే ఏ స్థాయి రక్షణ ఉందో కొలిచి చెప్పినవారు లేనట్టే. పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ఉండాలని మన చట్టం చెబుతోంది. అవి లేని పెట్టె తక్కువ ధరకు వస్తోందంటే ఇక్కడి వారంటీ ఉండకపోవచ్చు. కొన్న తర్వాత గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. లేకపోతే తీరప్రాంతంలో లెన్సు అద్దాల మీద బూజు పడుతుంది.

ఇప్పటికే ఇరుక్కున్నవారు ముందు సర్వీస్ సెంటర్ నుంచి జాబ్ షీటు, అంటే వస్తువు తీసుకుని లోపం రాసిచ్చే కాగితం, తీసుకోండి. వారంటీ ఎందుకు ఇవ్వడం లేదో అందులో రాసివ్వమనండి, ఫోనులో చెప్పిన మాట ఎందుకూ పనికిరాదు. లోపల ఇసుక ఉందంటే విప్పినప్పటి ఫొటో అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, కంపెనీ కార్యాలయం ఉన్న ఊరికి వెళ్లనక్కర్లేదు. వస్తువు ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు 2 సంవత్సరాలు.

నా ఫిర్యాదు ఇంకా తేలలేదు. కెమెరాను వారు చెప్పిన ధరకు బాగుచేయించకుండా, లెన్సు బిగుసుకున్న స్థితిలోనే సాక్ష్యంగా ఉంచాను. ఈ తరహా కెమెరాలో లెన్సు ఇలాగే ఆగిపోయి, ఇసుక అనో తేమ అనో వారంటీ కాదన్న అనుభవం మీకు ఉంటే మోడల్, కొన్న నెల, జాబ్ షీటులో రాసిన కారణం నాకు తెలపండి. ఇలాంటివి మరికొన్ని దొరికితే, ఇది వాడినవారి తప్పు కాదని కమిషన్ ముందు చూపించడం తేలికవుతుంది.