దూడ కథా, పౌలు వచనమా?

కాజీపేటలో ఇంటి ప్రార్థన కూడికకు విగ్రహారాధన మీద పాఠం ఎంచుకోవాలంటే బైబిల్లోని నిర్గమకాండం 32, పౌలు పత్రికల్లోని కొలొస్సయులకు 3:5 రెండూ ముందుకొస్తాయి. మొదటిది ఇశ్రాయేలీయులు బంగారు దూడను చేసుకుని మొక్కిన కథ, పిల్లలూ శ్రద్ధగా వింటారు. చిక్కేమిటంటే, పెద్దల చూపు వెంటనే పొరుగువారి బతుకమ్మ మీదికి పోతుంది. కానీ ఆ దూడను చేసుకున్నది పరాయివారు కాదు, ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైనవారే. బంగారు పోగులు ఇచ్చిందీ వారే. పైగా మోషే అన్న అహరోను మరునాడు యెహోవాకు పండుగ అని చాటించాడు!

రెండోది ఒక్క వచనం. ధనాపేక్ష విగ్రహారాధనే అంటాడు పౌలు. ఎనుమాముల వ్యవసాయ మార్కెట్లో తూకం దగ్గరా, కట్నం మాటల దగ్గరా ఇక తప్పించుకునే చోటుండదు. పెద్దలకు నేను దీన్నే ఎంచుతాను. దూడ కథ సండే స్కూలుకు సరిపోతుంది, అదీ అహరోను చాటింపు వదిలేయకుండా చెబితేనే.