బూట్ కాని డిస్క్: రిపేరా, ఫార్మాటా, కొత్త ఎస్‌ఎస్‌డీనా? ఏది మేలు?

బెంగళూరులో ల్యాప్‌టాప్ బూట్ కాకపోతే మారతహళ్లి పీజీల నుంచీ బీటీఎం గదుల నుంచీ మనవాళ్లు పరుగెత్తేది కంప్యూటర్ విడిభాగాల మార్కెట్ ఎస్పీ రోడ్డుకే. అక్కడ చాలా కౌంటర్ల దగ్గర వినిపించే మాట కూడా ఒకటే: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, గంటలో ఇచ్చేస్తా." ఇస్తారు కూడా. షాపతనికి కావాల్సింది నడిచే మిషన్. మీకు కావాల్సింది అందులోని ప్రాజెక్టు ఫైళ్లో చెల్లి పెళ్లి ఫొటోలో అయితే లెక్క మారిపోతుంది.

దారులు నాలుగున్నాయి. బూట్ ఫైళ్లు మాత్రం బాగుచేయడం, అదే డిస్క్‌ మీద విండోస్ మళ్లీ వేయడం, కొత్త ఎస్‌ఎస్‌డీ కొని పాతదాన్ని పక్కన పెట్టడం, డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వడం. నా మొగ్గు మూడోదానికి. అయితే డిస్క్ ఆరోగ్యం చూడకుండా ఏ దారి పట్టినా చీకట్లో రాయి విసిరినట్టే.

ఆరోగ్యం చూడటానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ముందు బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగుల తెర) వెళ్లి డిస్క్ పేరు కనిపిస్తోందా చూడండి. పేరూ సైజూ సరిగ్గా ఉంటే సగం ఊరట. డెస్క్‌టాప్‌లో అసలు కనిపించకపోతే సాటా కేబుల్ (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపేది) మార్చి, ఇంకో పోర్టులో పెట్టి చూడాలి. చాలాసార్లు దోషి ఆ చవక కేబులే. తర్వాత ఉబుంటు (ఉచిత లినక్స్) పెన్‌డ్రైవ్ నుంచి 'ట్రై ఉబుంటు' అని నడిపి, డిస్క్స్ యాప్‌లో స్మార్ట్ అంకెలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూడండి. హార్డ్ డిస్క్ అయితే 5, 197, 198 నంబర్ల పక్కన సున్నా ఉండాలి. 197 పెరుగుతోందంటే చదవలేని సెక్టార్లు పోగవుతున్నట్టు. 199 ఒక్కటే ఎక్కువగా ఉంటే మళ్లీ కేబుల్ వైపే అనుమానించాలి. ఎన్‌వీఎంఈ (సాటాకన్నా వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీల్లో ఈ నంబర్లు ఉండవు, మీడియా ఎర్రర్స్ అనే వరుస చూడాలి. టక్ టక్ మని చప్పుడు వస్తుంటే ఇవేవీ వద్దు, వెంటనే కరెంటు తీసేయండి.

డిస్క్ నిక్షేపంగా ఉండి బూట్ మాత్రం కాకపోతే మొదటి దారే మేలు. డబ్బు ఖర్చు లేదు, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. పాత ఎంబీఆర్ (మాస్టర్ బూట్ రికార్డ్) పద్ధతిలో డిస్క్ మొట్టమొదటి 512 బైట్లలో 446 బైట్లు బూట్ కోడ్, 64 బైట్లు పార్టిషన్ పట్టిక (డిస్క్‌ను ఏ భాగాలుగా విడదీశారో చెప్పేది). అంత చిన్న జాగా చెడితే చాలు, టెరాబైటు డిస్క్ కూడా మూగబోతుంది. పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ వచ్చిన ఇప్పటి మిషన్లలో ఆ పని ఫ్యాట్32లో ఉండే చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ది. విండోస్ దాన్ని మామూలుగా 100 ఎంబీ చేస్తుంది. వేసవి వానల్లో కరెంటు పోయి, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయిందంటే దెబ్బ తగిలేది తరచూ ఇలాంటి చోటే.

ఇక్కడ చాలామంది బూట్‌రెక్ (విండోస్‌లోని బూట్ రిపేర్ పరికరం) కమాండ్ల దగ్గరే ఆగిపోతారు. యూఈఎఫ్‌ఐలో ఫిక్స్‌ఎంబీఆర్ వల్ల ఒరిగేదేమీ లేదు. ఫిక్స్‌బూట్ 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అని మొరాయించడం మామూలే. దానికన్నా, విండోస్ పెన్‌డ్రైవ్‌తో కమాండ్ ప్రాంప్ట్‌కు వెళ్లి, డిస్క్‌పార్ట్ అనే టూల్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కు ఒక అక్షరం తగిలించి, బీసీడీబూట్ కమాండ్‌కు విండోస్ ఫోల్డర్ చూపిస్తే బూట్ ఫైళ్లు కొత్తగా రాసిపెడుతుంది. రికవరీలో సీ డ్రైవ్ అక్షరం మారి డీ అయి ఉండొచ్చు, చూసుకుని కొట్టండి. ఇదంతా అయ్యేలోపు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) 48 అంకెల కీ అడిగితే కంగారు పడొద్దు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన మిషన్ అయితే ఆ కీ సాధారణంగా అకౌంట్‌లోనే ఉంటుంది, ఫోన్లోంచి చూసుకోవచ్చు.

అసలు డిస్క్‌కు సంబంధమే లేని కేసులూ ఉన్నాయి. పాత డెస్క్‌టాప్‌లో రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. సాటా మోడ్ (మిషన్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) మారిందంటే 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అనే నీలి తెర ప్రత్యక్షం. పాత మోడ్ పెట్టేస్తే అయిపోయేదానికి ఫార్మాట్ చేయించుకున్నవాళ్లు ఎంతమందో! 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ దెబ్బకు ప్రపంచమంతా 85 లక్షల విండోస్ మిషన్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. వాటి డిస్క్‌లకు ఏమీ కాలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తప్పుడు ఫైలు తీసేయడమే ఆ రోజు వైద్యం.

ఇక ఫార్మాట్ సంగతి. డేటా అంతా క్లౌడ్‌లోనో ఇంకో డిస్క్‌లోనో ఉండి, స్మార్ట్ అంకెలు శుభ్రంగా ఉంటే నిరభ్యంతరంగా కొట్టండి. రిపేరుతో రెండు రాత్రులు కుస్తీ పట్టేకన్నా అదే సుఖం. డేటా లోపలే ఉంటే మాత్రం వద్దు. ఎస్‌ఎస్‌డీల్లో ఇది మరీ ప్రమాదం. ఫార్మాట్ చేసేటప్పుడు విండోస్ ట్రిమ్ (ఈ బ్లాకులు ఇక అక్కర్లేదనే ఆదేశం) పంపిందంటే ఆ బ్లాకులు డ్రైవ్ లోపలే ఖాళీ అయిపోతాయి, తర్వాత ఏ సాఫ్ట్‌వేరు తెచ్చినా దక్కేది శూన్యం. హార్డ్ డిస్క్ అయితే పైన ఇంకోటి రాయనంతవరకు ఆశ ఉంటుంది. ఇంకో మాట: ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే విండోస్ ఇన్‌స్టాలర్‌కు డిస్క్ కనిపించదు, ఇంటెల్ వారి ఆర్‌ఎస్‌టీ స్టోరేజ్ డ్రైవర్ ఎక్కించాలి. అది తెలియని చోట "డిస్క్ పోయింది సార్" అనేస్తారు.

మూడో దారి నాకెందుకు నచ్చుతుందంటే, కొత్త విండోస్ వేసేటప్పుడు పాత డిస్క్‌ మీద ఒక్క బైటు కూడా రాయదు. కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ పడుతుంది, సోమవారం లాగిన్‌కు మిషన్ సిద్ధం. పాతదాన్ని యూఎస్‌బీ కేసులో (డిస్క్‌ను యూఎస్‌బీకి తగిలించే పెట్టె) పెట్టి తీరిగ్గా ఫైళ్లు లాక్కోవచ్చు. స్టోరేజ్ బోర్డుకే అతికి వచ్చే సన్నపాటి మోడళ్లలో ఈ దారి మూసుకుపోయినట్టే. ఎం.2 (సన్నటి కార్డులాంటి ఎస్‌ఎస్‌డీ) కొనేముందు మీది సాటానా ఎన్‌వీఎంఈనా చూసుకోండి. రెండూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, కేసులు మాత్రం కొన్ని ఒకదానికే పనిచేస్తాయి.

స్మార్ట్ అంకెలు బాగాలేని డిస్క్‌ను యూఎస్‌బీలో పెట్టి ఫోల్డర్లు డ్రాగ్ చేయడం కూడా మంచిది కాదు. విండోస్‌లోని చెక్‌డిస్క్ అయితే ఊసే వద్దు. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేస్తానని చెడిపోతున్న డిస్క్‌ మీదే రాస్తూ పోతుంది. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత పరికరం ఉంది. సులువుగా చదవగలిగిన భాగాలన్నీ ముందు కాపీ చేసి, మొండికేసిన చోట్లను చివర్లో చూద్దామని వాయిదా వేస్తుంది. మ్యాప్ ఫైలు ఇస్తే మధ్యలో ఆపినా ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది. 1 టీబీ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చొప్పున చదివినా దాదాపు మూడు గంటలు. జబ్బు డిస్క్ అయితే రోజులు పట్టొచ్చు. కాపీ పడేందుకు అంతే సైజో అంతకన్నా పెద్దదో ఖాళీ డిస్క్ కావాలి. ఆ తర్వాత టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటి రికవరీ సాఫ్ట్‌వేర్లన్నీ ఆ కాపీ మీదే నడపండి.

ల్యాబ్ అనేది చప్పుడు చేసే, బయోస్‌కు కనిపించని, కిందపడిన డిస్క్‌లకు. కొత్త డిస్క్ ధరకు ఎన్నో రెట్లు అడుగుతారు, కాబట్టి డేటా విలువ మీరే తేల్చుకోవాలి. అది పెట్టుకోలేమనుకుంటే డిస్క్‌ను అలాగే దాచండి. కౌంటర్ మీద మూత మాత్రం తీయనివ్వొద్దు. లోపల డేటా చదివే హెడ్డు ప్లాటర్‌కు (డేటా ఉండే పళ్లెం) కొన్ని నానోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది, దుమ్ము రేణువు అంతకన్నా పెద్దది.

ఎస్పీ రోడ్డుకు వెళ్లొద్దని కాదు నా మాట. చిక్‌పేట మెట్రో దిగి నడిస్తే కేసులూ కేబుళ్లూ ఎస్‌ఎస్‌డీలూ అన్నీ ఒకే వరుసలో దొరుకుతాయి, చాలా షాపుల్లో తెలుగులోనే బేరమాడొచ్చు. "అన్నా, పాత డిస్క్‌ మీద ఏమీ చెయ్యొద్దు, కొత్తదాంట్లో విండోస్ వేసి రెండూ నాకే ఇవ్వు" అని ముందే చెప్పండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఈ మార్కెట్‌కే తేవొద్దు, బిట్‌లాకర్ కీ ఐటీ టీమ్ దగ్గరుంటుంది. వారంటీలో ఉన్న సొంత డిస్క్‌కు ఇంకో చిక్కుంది. కొత్తది ఇచ్చేటప్పుడు కంపెనీలు సాధారణంగా పాతదాన్ని ఉంచేసుకుంటాయి. కాపీ మీ చేతికి వచ్చాకే క్లెయిమ్ పెట్టండి.